సంతకంలో చుక్కల్లేవు

జూన్ 3, మంగళవారం

డైరీ రాసి పదకొండేళ్ళయింది. ఇవాళ ఎందుకో రాయబుద్ధేసింది. సంతోషంగా ఉన్నాను గనక అనుకుంటాను.

పత్రికకి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. రిటైరై ఇంట్లో కూర్చున్న నన్ను ఎడిటర్ గారు పిలిపించి, "ముఖచిత్రాల కథ మీరు గాక ఇంకెవరు రాస్తారు?" అన్నారు. యాభై ఏళ్ళ అట్టల్లోంచి ఇరవై ఎంచాలి, అవి ఎలా మారుతూ వచ్చాయో రాయాలి. ప్రత్యేక సంచిక అట్ట మీద మాత్రం నా ఎడమచేతి అమ్మాయి. అదే బొమ్మ, అదే మూల, అదే నా సంతకం. నెలాఖరున సభ, ఒక జ్ఞాపిక, నా గురించి నాలుగు మంచి మాటలు.

ఆ బొమ్మ గురించి వ్యాసంలో ఎలా మొదలెట్టాలో ఇక్కడ రాసి చూసుకుంటున్నాను. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి కుట్టడం ఆపి, సూది పట్టుకున్న చెయ్యి గాల్లో ఉంచి, తలెత్తి తిన్నగా మనకేసి చూస్తుంది. సూది ఎడమ చేతిలో ఉంది. ముప్పై నాలుగేళ్ళ కిందట అది అచ్చయిన వారం ఆఫీసుకి సంచుల కొద్దీ ఉత్తరాలు వచ్చాయి. బళ్ళో ఎడమ చేత్తో రాసినందుకు దెబ్బలు తిన్నవాళ్ళంతా రాశారు. అప్పట్నుంచీ ఎక్కడ మాట్లాడమన్నా నేను ఆ చెయ్యి గురించే మాట్లాడాను. "లోకం తప్పన్న చేత్తోనే ఆమె తన బతుకు కుట్టుకుంటోంది." రేడియోలో ఈ వాక్యం నాలుగుసార్లు చెప్పాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ సంతోషించింది. వదిన నా చొక్కాకి గుండీ కుడుతూ, కళ్ళద్దాల పైనుంచి చూసి, "ఆ పిల్లని ఇంకా కూర్చోబెట్టే ఉంచారా? నడుం పడిపోయుంటుంది పాపం" అంది. అన్నయ్య పోయి ఇరవై ఏళ్ళయినా ఆవిడ నోరు మాత్రం ఏం మారలేదు.

జూన్ 5, గురువారం

ఆఫీసు లైబ్రరీ గది నేలంతా అట్టలు పరిచాను. కాలు పెట్టడానికి చోటు లేక గోడ పక్కనుంచి పీతలా నడుస్తున్నాను.

మొదటి పదేళ్ళూ బొమ్మ, పైన పత్రిక పేరు, కింద తేదీ. అంతే. అట్ట చూడటానికే గాని చదవడానికి కాదు. రెండే రంగులు. ఆకాశానికి నీలం వాడితే చెట్టుకీ నీలమే, మనిషి నీడకీ నీలమే. తర్వాత నాలుగు రంగులొచ్చాయి. రంగుకొకటిగా తీసిన నాలుగు ఫిలింలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే పెదవుల ఎరుపు గడ్డం మీద పడేది. ఒక ఏడాదంతా మా అట్టల మీది ఆడవాళ్ళు జామ్ తిని మూతి తుడుచుకోని పిల్లల్లా ఉన్నారు.

ఆ తర్వాత ఫొటోలొచ్చాయి. బొమ్మలేసేవాళ్ళం నలుగురం ఉంటే ఇద్దరు మానేశారు. ఆ వెనకే అట్ట మీదికి శీర్షికలు ఎక్కాయి. ముందు ఒకటి, తర్వాత మూడు; ఒక సంచిక మీద పదకొండు లెక్కపెట్టాను. వాటి మధ్యలోంచి ఒక నటి మొహం, రద్దీ బస్సు కిటికీలోంచి చూస్తున్నట్టు. కంప్యూటర్ వచ్చిన కొత్తలో ప్రతి అక్షరానికీ ఒక నీడ, ప్రతి నీడకీ ఒక మెరుపు. అదో జబ్బు. నేనూ పడ్డాను.

ఇప్పటి అట్టలు చేసేది డిజైన్ విభాగం హెడ్. ముప్పై రెండేళ్ళ అమ్మాయి. నేను మనసులో హెడ్డమ్మ అని పిలుచుకుంటాను. అట్టని ఇప్పుడు చేత్తో పట్టుకుని చూసేవాళ్ళు తక్కువట, ఫోన్లో గోరంత బొమ్మగా చూస్తారట. అందుకని ఒక మొహం, ఒక మాట, వెనకాల ఖాళీ. నాకు ఒళ్ళు మండింది. కుంచె పట్టనివాళ్ళకి చూపేం తెలుస్తుంది?

హెడ్డమ్మ మారుమాట్లాడకుండా నేనెంచిన ఇరవై అట్టల్నీ ఫోన్లో గోరంత చేసి చూపించింది. పంతొమ్మిది మసకగా అలికేసినట్టయిపోయాయి. ఎడమచేతి అమ్మాయి ఒక్కతే నిలబడింది. ఆ చెయ్యి, ఆ చూపు.

"ఇది ఎలా వేశారు సర్?" అంది.

అప్పుడు అలా కుదిరిందన్నాను.

జూన్ 6, శుక్రవారం

"సంతకంలో చుక్కల్లేవు సర్."

ఉన్నదున్నట్టు రాస్తాను. హెడ్డమ్మ పాత సంచికని స్కాన్ చేసి తెర మీద బాగా పెద్దది చేసింది. అచ్చులో బొమ్మంతా రంగు చుక్కలే కదా. జుట్టూ చుక్కలే, సూదీ చుక్కలే. మూల నా సంతకం మాత్రం గట్టి నలుపు, పైన పత్రిక పేరు ఉన్నట్టే.

"అంటే సంతకం బొమ్మ మీద లేదు, అక్షరాల ఫిలిం మీద ఉంది. మీ మిగతా అట్టలన్నీ చూశాను. వాటిలో సంతకంలోనూ చుక్కలున్నాయి. దీన్లోనే ఎందుకు లేవు?"

నీళ్ళు నమిలాను. తొందర్లో సంతకం మర్చిపోయి ఉంటాను, తర్వాత విడిగా వేయించి ఉంటారు అన్నాను. అందులో అబద్ధమేముంది.

"దీన్లో మీ సంతకం కాస్త అందంగా ఉంది కూడా," అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఇంకో మాట. అచ్చు ప్రతి గరుకుగా ఉందట. అసలు బొమ్మ దొరికితే మళ్ళీ స్కాన్ చేస్తుందట. పాత ప్రెస్సు గోదాములోకి నీళ్ళొచ్చినప్పుడు పోయిందని చెప్పాను.

జూన్ 7, శనివారం

అసలు బొమ్మ నా గదిలో బీరువా వెనక ఉంది. పాత దుప్పట్లో చుట్టి.

జూన్ 9, సోమవారం

నా డైరీలో కూడా నేను నీళ్ళు నమలడమేమిటి?

ఆ బొమ్మ వేసింది వదిన.

అప్పుడు నాకు ఇరవై ఏడు. నా చేతికిచ్చిన మొదటి ముఖచిత్రం అది. వదిన అదే ఆఫీసులో అక్షరాలు రాసేది. కథల పేర్లు, శీర్షికలు, అన్నీ ఆవిడ చేతివే. నన్నక్కడ చేర్పించింది కూడా ఆవిడే. మూడు రోజులు తెల్ల అట్ట ముందు కూర్చున్నాను, చెయ్యి కదల్లేదు. ఆదివారం పొద్దున వదిన, "అలా బయట తిరిగి రా అబ్బాయ్, నీ మొహం చూస్తే సీసాలో రంగులు కూడా ఎండిపోయేట్టున్నాయి" అని నన్ను ఇంట్లోంచి తరిమింది. ఊరంతా తిరిగి సాయంత్రం వచ్చేసరికి బొమ్మ ఉంది.

ఆలోచన నాదే. కిటికీ పెడదామన్నది నేనే.

అప్పటి ఎడిటరు పెద్దాయన, అక్షరాలు రాసేవాళ్ళు అక్షరాలే రాయాలనే మనిషి. ఆవిడ పేరు చెబితే బొమ్మ చెత్తబుట్టలోకి, నేను వీధిలోకి. బొమ్మ మీద నా సంతకం పెట్టడానికి నాకు చేతులు రాలేదు. "నువ్వే పెట్టెయ్ వదినా, పత్రిక పేరు రాసే ఫిలిం మీద. నా సంతకం నీకొచ్చు కదా," అన్నాను. పెట్టింది. వచ్చే నెల పెద్దాయనకి చెబుదామనుకున్నాను. వచ్చే నెల నా ఉద్యోగం ఖాయమైంది.

ఎడమ చెయ్యి సంగతీ రాసేస్తాను. వదిన వేసిన బొమ్మలో సూది కుడి చేతిలో ఉంది. ఆ ఫిలింల నుంచి అచ్చుకి ప్లేటు చేసేవాడు వాటిని తిరగేసి పెట్టాడు. ఆ రోజుల్లో అలా కుడి ఎడమయ్యేది, అప్పుడప్పుడూ జరిగేదే. అచ్చయ్యాక చూసి తల పట్టుకున్నాను. అంతలో ఉత్తరాలొచ్చాయి. జరిగిన పొరపాటుకి ఒక అర్థం చెప్పాను. నా రేడియో వాక్యమంతా ఒక ప్లేటువాడి పరధ్యానం మీద నిలబడి ఉంది.

అసలు బొమ్మ బయటికొస్తే సంతకమూ పోతుంది, వాక్యమూ పోతుంది.

ఆ తర్వాత రెండొందల పైచిలుకు అట్టలు వేశాను. అవన్నీ నావే. వాటిలో ఒక్కటీ ఎవరికీ గుర్తులేదు.

జూన్ 10, మంగళవారం

వదిన ముప్పై నాలుగేళ్ళలో దీని గురించి ఒక్క మాట అనలేదు. అనలేదంటే పట్టింపు లేదనేగా.

జూన్ 11, బుధవారం

పట్టింపు లేదు.

వ్యాసం కొంత సాగింది. అట్టలన్నీ వరసగా చూస్తుంటే ఇవాళ ఒకటి తట్టింది. మొదటి పదహారేళ్ళలో అట్టమీది ఆడమనిషి ఒక్కతీ మనకేసి చూడదు. పువ్వుకేసి, నేలకేసి, దూరంగా దేనికేసో చూస్తుంది. ఫొటోలొచ్చాక అందరూ కెమెరాకేసి చూసి నవ్వడం మొదలెట్టారు. ఆ రెంటికీ మధ్య, నవ్వకుండా తిన్నగా చూసింది ఎడమచేతి అమ్మాయే. ఎందుకలా చూస్తుందో పాఠకులకి చెప్పాలి. "ఎవరికోసమో ఎదురుచూస్తోంది" అని రాశాను. బాగానే కుదిరింది.

జూన్ 12, గురువారం

మధ్యాహ్నం నేను కునుకు తీస్తుండగా హెడ్డమ్మ ఇంటికి ఫోన్ చేసింది. వదిన తీసింది. అసలు బొమ్మ ఫొటో అయినా ఇంట్లో ఉందేమో అని అడిగిందట.

"ఫొటో ఎందుకమ్మా, బొమ్మే ఉంటే, అన్నాను. బీరువా వెనక నెలనెలా దుమ్ము దులిపేది నేనేగా. ఎల్లుండి వస్తానంది, రమ్మన్నాను," అని నిమ్మళంగా చెప్పింది.

"నీళ్ళలో పోయిందని చెప్పాను వదినా ఆ అమ్మాయికి!"

"నాతో ఒక ముక్క చెప్పి ఉంచాల్సింది. నాకు అబద్ధాలు రావు మరిదిగారూ, అక్షరాలే వచ్చు."

మరిదిగారూ అందంటే లోపల ఏదో ఉన్నట్టే. రక్తపోటు మాత్ర వేసుకున్నాను.

జూన్ 13, శుక్రవారం

రేపు ఏం చెప్పాలో మూడుసార్లు రాసి కొట్టేశాను. ఫిలిం తిరగబడ్డ మాట ఒప్పేసుకుంటాను. ఎడమ చెయ్యి గురించి చెప్పిందంతా కోతలంటాను. నలుగురూ నవ్వుతారు, నవ్వనీ. బొమ్మ మాత్రం నేనే వేశానంటాను. ఒక తప్పు ఒప్పుకున్నవాణ్ణి రెండో తప్పు ఎవరూ అడగరు.

"రేపు ఆ అమ్మాయి వచ్చినప్పుడు నువ్వు లోపలుంటే బావుంటుంది వదినా," అన్నాను.

వదిన కనుబొమ్మ రుద్దుకుంది. కోపమొస్తే అలా రుద్దుకుంటుంది.

"టీ ఎవరిస్తారు మరి?" అంది.

జూన్ 14, శనివారం

పదకొండింటికి వచ్చింది. దుప్పటి విప్పి బొమ్మని కుర్చీలో నిలబెట్టాను. కుడిచేతి అమ్మాయి. నేను చెప్పదలుచుకున్నది గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను: ప్లేటువాడు తిరగేశాడమ్మా, ఎడమ చెయ్యి నా గొప్పేం కాదు, ఇన్నాళ్ళూ చెప్పడానికి మొహం చెల్లలేదు.

హెడ్డమ్మ వినడంలేదు. మొహం బొమ్మకి ఆనించేంత దగ్గరగా పెట్టి చూస్తోంది.

"కనుబొమ్మలో ఈ తెల్ల గీతేంటి సర్?"

"కుంచె జారింది." నాకు మొదట్నుంచీ ఉన్న అభిప్రాయమే అది. నేనైతే దిద్దేవాణ్ణి.

"సూది ఇలా పట్టుకోరు. ఇంత పైన, ఇంత వదులుగా. మా అమ్మ బట్టలు కుట్టే నన్ను చదివించింది, నాకు తెలుసు. ఇది కుంచె పట్టుకునే పద్ధతి."

అప్పుడు వదిన టీ తెచ్చింది. ట్రే బల్ల మీద పెట్టి, కప్పు తీసి హెడ్డమ్మకి అందించింది, ఎడమ చేత్తో. ఇంట్లో ఆవిడకి అన్నీ ఎడమ చేత్తోనే. బళ్ళో కొట్టి కొట్టి మార్పించారు గనక బయట మాత్రం కుడి చెయ్యి వాడేది, ఆఫీసులో అక్షరాలన్నీ కుడి చేత్తోనే రాసింది. ఎడమ కనుబొమ్మలో, చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డ గాటు. అక్కడ వెంట్రుక మొలవదు. ఇవన్నీ నాకు ముప్పై ఎనిమిదేళ్ళుగా తెలుసు. ఆవిడ ఈ ఇంట్లో అడుగు పెట్టినప్పట్నుంచీ తెలుసు.

హెడ్డమ్మ కప్పు అందుకోలేదు. చేతికేసి చూసింది, ఆ మొహంకేసి చూసింది, బొమ్మకేసి చూసింది. పది సెకన్లు పట్టి ఉంటుంది.

"అద్దం ఎక్కడ పెట్టుకున్నారమ్మా?" అంది.

"ఆ తలుపుకి ఆనించాను," అంది వదిన. "అక్కడైతే కిటికీ వెలుతురు మొహం మీద పడుతుంది."

"అద్దంలో మీ ఎడమ చెయ్యి కుడి చెయ్యిలా కనిపించింది."

"కనిపించింది కనిపించినట్టు వేశాను. అచ్చులోనూ అలాగే వస్తే అది నేనెలా అవుతాను? అందుకని ప్లేటతన్ని బతిమాలి తిరగేయించాను."

"ఏ అద్దం?" అన్నాను నేను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. వదిన నాకేసి తిరిగింది. కప్పు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. ఏదో అడగబోయింది, మానేసింది. కప్పు మళ్ళీ ట్రేలో పెట్టి లోపలికెళ్ళిపోయింది.

బొమ్మని స్కాన్ చెయ్యడానికి తీసుకుని వెళ్ళేటప్పుడు హెడ్డమ్మ గుమ్మంలో ఆగింది. "నేనెవరికీ చెప్పను సర్. శుక్రవారం ఆఖరి ప్రూఫ్. మీ సంతకం కంప్యూటర్లో విడిగా ఒక పొరలో పెట్టాను, అప్పుడు ఫిలిం మీద పెట్టినట్టే. ఉంచాలో తియ్యాలో మీరే వచ్చి చెప్పండి."

జూన్ 15, ఆదివారం

వదిన నాతో మాట్లాడటం లేదు.

తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వెలుతురు నిజంగానే బావుంది.

జూన్ 16, సోమవారం

మా ఆవిడకి అంతా చెప్పాను. ఇంట్లో మిగిలింది ఆవిడొక్కతే కదా తెలియంది.

"నేను కాపురానికొచ్చిన మొదటి వారమే గోడ మీద ఆ అట్ట చూసి, 'ఇది మీరే కదూ అక్కయ్యా' అని అడిగాను. నవ్వి ఊరుకుంది," అంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరే వేశారనుకున్నాను కదండీ. ఎవర్ని చూసి వేశారో మీకు తెలియదని నేనెలా అనుకుంటాను?"

తల తీసేసినట్టయింది. వ్యాసంలో "ఎవరికోసమో ఎదురుచూస్తోంది" కొట్టేశాను. ఎవరికోసమూ కాదు, తనని తను చూసుకుంటోంది.

జూన్ 17, మంగళవారం

మాట్లాడటం లేదు. నా చొక్కాలు మాత్రం ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది.

జూన్ 18, బుధవారం

పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి, "తిట్టు వదినా, పోనీ కొట్టు, ఇలా ఉండకు," అన్నాను.

చేతిలో పని ఆపకుండానే అంది:

"సంతకం గురించి నాకేం బాధలేదు అబ్బాయ్. అది నేనే పెట్టాను, నా చేత్తో పెట్టాను. నువ్వు రేడియోలో ఆ చెయ్యి గురించి మాట్లాడినప్పుడల్లా పని మానుకుని వినేదాన్ని. పాపం, పేరు చెప్పలేడు, అందుకని నా గురించి ఇలా చెబుతున్నాడు అనుకునేదాన్ని. మీ అన్నయ్యతో కూడా అన్నాను, 'చూశారా, మీ తమ్ముడు మర్చిపోలేదు' అని." చేతులు తుడుచుకుంది. "నీకసలు తెలియనే తెలియదా?"

తెలియదన్నాను.

"నాలుగుసార్లూ?" అంది.



జూన్ 20, శుక్రవారం

ముందు ఎడిటర్ గారి గదికి వెళ్ళాను. కూర్చోమన్నా కూర్చోకుండా అంతా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుస్తూనే ఉన్నారు. "సభలో మీ పేరు ఉండదండీ," అన్నారు. "వ్యాసం కూడా ఎవరితోనైనా తిరగరాయిస్తాం. పాఠకులకి క్షమాపణ వెయ్యాలి, అది మాత్రం మీరే రాయాలి." రాసే తెచ్చాను, జేబులో ఉంది, తీసిచ్చాను. ఈ వయసులో పరువు పోగొట్టుకోవడం గొప్ప సంగతేం కాదు, చాలా భయంగా ఉంటుంది.

తర్వాత హెడ్డమ్మ దగ్గరికి. తెర మీద వదిన. బొమ్మని కంప్యూటర్లో తిరగేసి పెట్టింది, ఎడమ చేతిలోకి. పక్కన పొరల జాబితా, ఒక్కో పొర ముందు చిన్న కన్ను గుర్తు. "ఆ కన్ను మీద నొక్కండి సర్," అంది. నొక్కాను. నా సంతకం మాయమైంది. చప్పుడు కూడా చెయ్యలేదు.

మడత పెట్టిన కాగితం ఇచ్చాను. పొద్దున వదినని సంతకం అడిగాను. ముందు ఒప్పుకోలేదు. "ఇప్పుడెందుకు, అందరూ నిన్ను ఆడిపోసుకోవడానికా?" అంది. అవునన్నాను. అలవాటుగా పెన్ను కుడి చేత్తో తీసుకుంది, కాసేపు ఆగి ఎడమ చేతికి మార్చుకుంది. ఊళ్ళో సగం మంది చదివిన అక్షరాలు రాసిన మనిషి తన పేరు వంకరటింకరగా రాసింది. ఆ చేత్తో ఎప్పుడూ పేరు రాసుకోలేదట. మళ్ళీ రాస్తావా అంటే వద్దంది.

హెడ్డమ్మ స్కాన్ చేసి, బొమ్మ మీదే కలిపేసింది. "ఇక విడదీయడం కుదరదు సర్. సంతకంలోనూ చుక్కలొస్తాయి," అంది.

జూన్ 28, శనివారం

సంచిక వచ్చింది. పొద్దున్నుంచీ ఫోన్లు. పాత స్నేహితుడొకడు దొంగ అన్నాడు. ఇంకొకడు అనలేక పెట్టేశాడు. మా ఆవిడ ఫోన్ నా దగ్గర్నుంచి లాక్కుని అలమారలో పెట్టింది.

వదిన సంచికని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది. పత్రిక పేరులో రెండో అక్షరానికీ మూడోదానికీ మధ్య ఖాళీ ఎక్కువైందని తప్పు పట్టింది. కాసేపాగి, "ఇప్పుడంతా ఫోన్లో గోరంతగా చూస్తారన్నావు కదా, అలా చూపించు," అంది.

అలమారలోంచి ఫోన్ తీసి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, తెర మీదికి వంగింది.

"ఇంత చిన్నదాంట్లో కనిపిస్తున్నానా నేను?" అంది.

తలెత్తి ఆవిడకేసి చూశాను. ఎడమ కనుబొమ్మలో గాటు, ఎడమ చేతిలో ఫోను. ఆవిడా నాకేసే తిన్నగా చూస్తోంది.

"కనిపిస్తున్నావు వదినా," అన్నాను. ఈసారి చూసి చెప్పాను.